మతిమరుపు లేని మండలం

మనిషికి మెదడు ఉంటుందన్న సంగతి ప్రభుత్వానికి మొదటినుంచీ తెలుసు. అందులో కణాలుంటాయని, అవి రోజురోజుకీ క్షీణిస్తాయని మాత్రం కాస్త ఆలస్యంగా తెలిసింది. రాజధానిలో జరిగిన ఒక సదస్సులో ఎవరో పెద్దాయన తెరమీద బొమ్మలు చూపించి, ఫలానా విటమిను తగ్గితే మెదడు కణాలు రాలిపోతాయని చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న ఉన్నతాధికారి అప్పటిదాకా హాయిగా కునుకు తీస్తున్నాడు. ‘రాలిపోతాయి’ అన్న మాట చెవినపడి ఉలిక్కిపడ్డాడు. ప్రజల కణాలు తన హయాంలో రాలిపోవడం ఆయనకి నచ్చలేదు. కొద్ది రోజుల్లోనే ‘మేధాకణ పరిరక్షణ మిషన్’ పుట్టింది.

పుట్టగానే మిషన్ చేసిన మొదటి పని, మందుల షాపుల్లో ఉన్న ఆ విటమిను బిళ్ళల్నీ ఇంజెక్షన్లనీ ఊడ్చి తన గోడౌన్లలో పెట్టుకోవడం. ఇంత విలువైన పదార్థాన్ని అడిగినవాడికల్లా అమ్మితే దుర్వినియోగం కాదా? మెదడు బాగున్నవాళ్ళు కొనుక్కుని మింగేస్తే, పాడైనవాళ్ళ గతేమిటి? కనుక బిళ్ళ కావలసినవాళ్ళు ఇకమీదట మిషన్ కార్యాలయానికి వచ్చి, అర్హత రుజువు చేసుకుని, ఉచితంగా పట్టుకెళ్ళాలి. వినడానికి చక్కగానే ఉంది. మన ప్రభుత్వం చెప్పినవాటిలో వినడానికి బాగుండనిది ఏనాడైనా ఉందా!

ఈ కబురు తూముపాలెంలో సైకిల్ షాపు నడిపే గన్నెయ్య చెవిన పడేనాటికి ఆయన భార్య నూకరత్నం కూరలో ఉప్పు రెండేసిసార్లు వేస్తోంది. మొదట్లో ఆయన పట్టించుకోలేదు. మజ్జిగ కాస్త ఎక్కువ పోసుకుని నోరు మూసుకున్నాడు. తరవాత ఆవిడ పొయ్యిమీద పాలు పెట్టి పక్కింటికి వెళ్ళిపోవడం, వెళ్ళాక ఎందుకొచ్చానని వాళ్ళనే అడగడం మొదలైంది. ఒకనాటి మధ్యాహ్నం ఆయన షాపు కట్టేసి అన్నానికొస్తే, గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“మా ఆయన ఇంట్లో లేరండి. సైకిలు పనైతే షాపుకాడికెళ్ళండి,” అంది.

గన్నెయ్య నవ్వబోయాడు. ఆవిడ మొహంలో వేళాకోళం లేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి తనని గుమ్మంలోనే ఆపేసరికి ఆయన అరుగుమీద కూలబడి, వీధిలో జనం చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాడు.

పట్నం డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించి, కాగితం చూసి తలెత్తారు.

“బీ ట్వెల్వ్ విటమిను బాగా పడిపోయింది గన్నెయ్యగారూ. మతిమరుపులన్నీ ఒక్కలాంటివి కావు. కొన్నిటికి మనం చెయ్యగలిగింది తక్కువ. మీ ఆవిడది మాత్రం మందుకి లొంగే రకంలా ఉంది. వెంటనే మొదలుపెడితే మనిషి తిరిగొస్తుంది. ఆలస్యమైతే ఎంతవరకు తిరిగొస్తుందో నేను చెప్పలేను.”

“అయితే రాసెయ్యండి బాబూ. ఇప్పుడే తెచ్చుకుంటాను.”

“రాస్తాను. కానీ షాపుల్లో దొరకదు. మీ మండలం మిషన్ ఆఫీసుకి వెళ్ళండి.”

మండల మేధాకణ పరిరక్షణాధికారి పరాంకుశంగారు పూర్వం తూనికలు, కొలతల శాఖలో పనిచేశారు. ఏదైనా సరే తూచందే నమ్మరు. మనిషి చెడ్డవాడు కాడు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, ఆ తరవాతే లేదు పొమ్మంటారు.

“లబ్ధిదారు ఎవరు?” అని అడిగారు.

“మా ఆడమనిషండి.”

“అయితే ఆవిడే రావాలి. ప్రతినిధుల ద్వారా మరుపు స్వీకరించబడదు.”

మర్నాడు గన్నెయ్య భార్యకి ఇస్త్రీ చీర కట్టించి రిక్షాలో తీసుకొచ్చాడు. పరాంకుశంగారు దరఖాస్తు తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివారు. “మరచిపోయిన విషయములు. తేదీలతో సహా పేర్కొనవలెను. చోటు చాలనిచో అదనపు కాగితములు జతపరచవలెను. చెప్పండమ్మా, ఏమేం మర్చిపోయారు?”

నూకరత్నం శ్రద్ధగా ఆలోచించింది. “ఏమీ మర్చిపోలేదు బాబూ. నాకన్నీ గుర్తే,” అంది.

“చూశారా,” అన్నారు పరాంకుశంగారు గన్నెయ్యతో. “లబ్ధిదారు స్వయంగా ఖండిస్తున్నారు.”

“అయ్యా, మర్చిపోయింది ఏటో తెలిత్తే ఆవిడ మర్చిపోయినట్టెలాగండి?”

“అది తాత్విక ప్రశ్న. ఈ కార్యాలయం పరిధిలోకి రాదు. మిషన్ ఎవరి మరుపునూ ఊహించుకోదు గన్నెయ్యగారూ. రుజువు కావాలి.” ఆయన కొంచెంసేపు కలం నమిలి, దయగల మనిషి కాబట్టి ఒక దారి చూపించారు. “అమ్మా, ఈయనెవరు?”

నూకరత్నం భర్తని ఎగాదిగా చూసింది. “ఎవరో పాపం. పొద్దుటినుంచీ నా కూడానే తిరుగుతున్నారు.”

పరాంకుశంగారి మొహం వెలిగింది. ‘భర్త: ఒకటి’ అని రాసుకుని, “ఒక్క అంశమే అయినా ముఖ్యమైన పద్దుకిందికి వస్తుంది. దరఖాస్తు మంజూరు,” అన్నారు. గన్నెయ్య సంతోషించాలో ఏడవాలో తెలియక రెండు చేతులూ జోడించాడు.

బిళ్ళలు మాత్రం అప్పుడే చేతికి రాలేదు. పెద్దవాళ్ళకి వేలిముద్రలు సరిగా పడటం లేదట. ఫోనుకొచ్చే అంకెలేమో పిల్లలే చెప్పేస్తున్నారట. అసలు మనిషికే బిళ్ళ చేరిందని ఆడిటువాళ్ళకి నమ్మకం కలిగేదెలా? అందుకని మిషన్ ‘స్మృతి సంకేతం’ అనే ఏర్పాటు చేసింది. ప్రతి లబ్ధిదారు చెవిలోనూ గుమాస్తా ఒక రహస్య వాక్యం ఊదుతాడు. దాన్ని ఎక్కడా రాసుకోకూడదు, ఎవరికీ చెప్పకూడదు. వారం తిరిగాక కిటికీ దగ్గరికొచ్చి పొల్లుపోకుండా అప్పజెబితే బిళ్ళలిస్తారు.

“గుర్తుండటం లేదనే కదండీ బాబూ మీకాడికొచ్చింది!” అన్నాడు గన్నెయ్య.

“ఆవేశపడకండి. గుర్తే లేకపోతే వచ్చినావిడే నూకరత్నమ్మగారని మాకు నమ్మకమేమిటి? రేపు ఇంకెవరో వచ్చి నేనే నూకరత్నాన్ని అంటే ఇచ్చెయ్యమంటారా?”

గన్నెయ్య తన భార్యలా నటించి విటమిను బిళ్ళలు కొట్టేసే మనిషి ఎలా ఉంటుందోనని దారిపొడుగునా ఆలోచించాడు.

వారం తిరిగాక కిటికీలోంచి గుమాస్తా సంకేతం అడిగాడు. నూకరత్నం చీర చెంగు నోటికి అడ్డంపెట్టుకుని నవ్వింది. “చెవిలో ఏదో చెప్పారు బాబూ. చక్కిలిగింత పెట్టింది,” అంది. గుమాస్తా ‘సంకేత విస్మరణ కారణమున నిరాకరించడమైనది’ అన్న ముద్ర కొట్టాడు. మళ్ళీ చెవిలో ఊదారు, మళ్ళీ వారం ఆగమన్నారు. మళ్ళీ అదే ముద్ర పడింది. గన్నెయ్య ఆఫీసుకీ ఇంటికీ తిరిగి తిరిగి అరిగిపోయాడు. షాపులో పంక్చర్లు పడ్డ సైకిళ్ళు గోడకి చేరబడి ఎదురుచూశాయి.

మరి బిళ్ళలు ఎవరికి దక్కాయంటే, మరచిపోయినవన్నీ తేదీలతో సహా రాసిచ్చిన రిటైరైన తహసీల్దారు వెంకటాద్రిగారికి దక్కాయి. ఆయనకి తన సర్వీసులో కొలిపించిన ప్రతి పొలం హద్దులూ నోటికొచ్చు. పేకాటలో ఏ ముక్క ఎవరి చేతిలో ఉందో చెప్పగల ప్లీడరుగారికి దక్కాయి. ఊళ్ళో ఏ పెళ్ళిలో ఎవరికి ఏ రంగు చీర పెట్టారో ఈనాటికీ చెప్పే సావిత్రమ్మగారికి రెండు నెలలవి కలిపి ఇచ్చారు.

మిషన్ తొలి ఫలితాలు ప్రకటించడానికి పరాంకుశంగారు సభ పెట్టారు. గన్నెయ్య కూడా భార్య చెయ్యి పట్టుకుని వెనకవరసలో కూర్చున్నాడు.

“మహాశయులారా!” అన్నారు పరాంకుశంగారు మైకు సవరించుకుని. “మా బిళ్ళలు సేవించిన లబ్ధిదారులలో ఏ ఒక్కరూ తమ సంకేతమును మరచిపోలేదని తెలియజేయుటకు గర్విస్తున్నాను. ఫలితం నూటికి నూరు శాతం. ఇక బిళ్ళలు పుచ్చుకోనివారి పరిస్థితి చూడండి. వారిలో ప్రతి ఒక్కరూ మరచిపోయారు! బిళ్ళకీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధానికి ఇంతకంటే శాస్త్రీయమైన రుజువు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?”

చప్పట్లు మారుమోగాయి. నూకరత్నం కూడా అందరితోపాటు సంతోషంగా కొట్టింది.

ఇంతలో పైనుంచి తనిఖీ బృందం దిగింది. వాళ్ళూ తెలివైనవాళ్ళే. సంకేతం గడగడా అప్పజెప్పేవాడికి మతిమరుపు మందెందుకని అడిగారు. ప్రజాధనం వృథా అవుతోందని రాశారు. పరాంకుశంగారు కంగారుపడకుండా, ఉన్న కిటికీ పక్కనే రెండో కిటికీ కొట్టించారు. మొదటి కిటికీ దగ్గర సంకేతం చెప్పి గుర్తింపు రుజువు చేసుకోవాలి. రెండో కిటికీ దగ్గర అడిగినదేదీ చెప్పలేక జబ్బు రుజువు చేసుకోవాలి. అప్పుడే బిళ్ళ.

రెండో కిటికీ దగ్గర వెంకటాద్రిగారు బోల్తా కొట్టారు. పెద్దకొడుకు పేరేమిటని అడిగితే ఠక్కున చెప్పేశారు. బయటికొచ్చి మెట్లమీద కూర్చుని, “నోరు జారిందయ్యా, అలవాటు!” అని కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఆ కన్నీళ్ళు చెల్లారావు మాస్టారి కంటపడ్డాయి. ఆయన అప్పటిదాకా ఇంజినీరింగ్ ప్రవేశపరీక్షలకి కోచింగ్ ఇచ్చేవాడు. మిషన్ ఆఫీసుకి ఎదురుగా ఉన్న మేడ అద్దెకి తీసుకుని ‘స్మృతి–విస్మృతి అకాడమీ’ తెరిచాడు. పొద్దున జ్ఞాపకం క్లాసు, సాయంత్రం మరుపు క్లాసు. ప్రతి ఆదివారం మోడల్ టెస్టు. మొదటి ప్రయత్నంలో పోయినవాళ్ళకి లాంగ్ టర్మ్. దూరాభారం వాళ్ళకి హాస్టలు, అందులో మెత్తటి అన్నం, ఉప్పు తక్కువ పప్పు. కొద్దివారాల్లోనే మేడమీద పెద్ద ఫ్లెక్సీ లేచింది. విస్మృతి విభాగంలో మండల ప్రథమ ర్యాంకు వెంకటాద్రిగారిది. బోసినోటితో వేలు పైకెత్తి నవ్వుతున్న ఆయన బొమ్మచుట్టూ మిగతా ర్యాంకర్ల తలకాయలు చిన్నచిన్న గుండ్రాల్లో ఉన్నాయి. “కొడుకుని మరిచారు, ర్యాంకు కొట్టారు” అని కింద ఎర్రక్షరాలతో రాయించారు. కొడుకు కూడా వచ్చి దండ వేశాడు.

ఆఫీసు అరుగుమీద కూర్చున్న నూకరత్నాన్ని చెల్లారావు మాస్టారు చాలాసేపు పరీక్షగా చూశాడు. చూసి, గన్నెయ్యని పక్కకి పిలిచాడు.

“గన్నెయ్యగారూ, అమ్మగారిది దేవుడిచ్చిన ప్రతిభండి. మా స్టూడెంట్లు ఎంత రుద్దినా ఆ చూపు రావట్లేదు. వారానికోసారి మా క్లాసుకి తీసుకురండి. ఆవిడేమీ చెప్పక్కర్లేదండి, ఊరికే కూర్చుంటే చాలు. బదులుగా ఆవిడకి సంకేతం గుర్తుపెట్టుకోవడంలో నేనే స్వయంగా ట్రైనింగిస్తాను. ఫీజు మాట ఎత్తకండి.”

గన్నెయ్యకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా అప్పటికి ఆయన ఏ తాడు దొరికినా పట్టుకునే స్థితిలో ఉన్నాడు. సరేనన్నాడు.

క్లాసులో నూకరత్నాన్ని ఎత్తుగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టారు. మాస్టారు ఆవిణ్ణి ఊరిపేరు అడిగాడు. ఆవిడ చెయ్యి పైకెత్తి, మాట కోసం వెతుక్కుంటూ అలాగే ఉండిపోయింది. “గమనించండి,” అన్నాడు మాస్టారు బెత్తంతో చూపిస్తూ. “చెయ్యి గాల్లో ఆగిపోయింది. కళ్ళు పైకి పోలేదు, పక్కకి పోయాయి. మీరంతా పైకి చూస్తున్నారు. అక్కడే మార్కులు పోతున్నాయి.” ప్లీడరుగారు గబగబా రాసుకున్నారు. సావిత్రమ్మగారు చెయ్యెత్తి అభ్యాసం చేశారు. అంతమంది తనకేసే చూస్తూంటే నూకరత్నానికి ఏదోలా అనిపించినట్టుంది. “బాబూ, అందరూ అన్నాలు తిన్నారా?” అని అడిగింది. వాళ్ళు అదీ రాసుకున్నారు.

మర్నాడు రెండో కిటికీ దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళూ చెయ్యి గాల్లో నిలబెట్టి, పక్కకి చూసి, “బాబూ, అన్నం తిన్నారా?” అన్నారు. పరాంకుశంగారు ముగ్ధులైపోయారు. మండలమంతటా వ్యాధి లక్షణాలు ఏకరూపంగా ఉన్నాయని, ఇది మిషన్ క్రమశిక్షణకి నిదర్శనమని పైకి నివేదిక పంపించారు.

గన్నెయ్య అదంతా వరసలో నిలబడి చూశాడు. తన భార్య పడుతున్న అవస్థని ముందున్న ఇరవైమందీ అచ్చుగుద్దినట్టు వేసి చూపించి, బిళ్ళలు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. ఆవిడ వంతు వచ్చింది. మాస్టారు ఎంత ట్రైనింగిచ్చినా మొదటి కిటికీ దగ్గర నూకరత్నం నోటంట సంకేతం రాలేదు. రెండో కిటికీకి పోవాలంటే మొదటిది దాటాలి. దాటలేదు కాబట్టి ఆవిడకి జబ్బుందో లేదో అడిగేవాడే లేడు.

“ఇంక పదవే మనింటికి,” అన్నాడు గన్నెయ్య. అలాంటప్పుడు కూడా ఆవిడ, “ఎవరింటికండి?” అని మర్యాదగానే అడిగింది.

తరవాత కొన్నాళ్ళకి మండలం నిండా తోరణాలు కట్టారు. మొదటి కిటికీ లెక్కలు రాజధానిలో ఒక అంతస్తుకీ, రెండో కిటికీ లెక్కలు ఇంకో అంతస్తుకీ వెళ్ళేవట. మొదటి అంతస్తువాళ్ళు ముందుగా కళ్ళు తెరిచి, లబ్ధిదారులంతా సంకేతం పొల్లుపోకుండా చెబుతున్నారని చూసి, తూముపాలేన్ని ‘మతిమరుపు రహిత మండలం’గా ప్రకటించేశారు. పరాంకుశంగారికి శాలువా కప్పారు. రెండు కిటికీలూ మూసేశారు. ఆయన ఆ శాలువా తీయకముందే గన్నెయ్య ఎదుటికెళ్ళి నిలబడ్డాడు.

“అయ్యా, మా ఆడదానికి మతిమరుపు తగ్గలేదండి. ఎక్కువైపోయిందండి. నిన్న తన పేరే తెలీలేదు. రెండు బిళ్ళలు మా మొహాన కొట్టండి బాబూ, మీ కాళ్ళట్టుకుంటాను.”

“లేవండి, లేవండి.” పరాంకుశంగారు నిజంగానే బాధపడ్డారు. “ఆవిడ నిరాకృతుల జాబితాలో ఉన్నారు. నిరాకృతులు లబ్ధిదారులు కారు. లబ్ధిదారులు కానివారి ఆరోగ్యం గురించి మిషన్ దగ్గర సమాచారం ఉండదు. సమాచారమే లేని జబ్బు మండలంలో ఉందని నేనెలా ఒప్పుకోను, మీరే చెప్పండి?”

గన్నెయ్య ఇంటికొచ్చి భార్యకి అన్నం కలిపి నోట్లో పెట్టాడు. ఆవిడ తింటూ తింటూ, మీరెవరోగాని మంచివారని మెచ్చుకుంది.

ఇక గోడౌనుల నిండా మిగిలిపోయిన బిళ్ళలున్నాయి. మతిమరుపు లేని మండలంలో వాటిని మనుషులకిస్తే ప్రకటన అబద్ధమవుతుంది. ఊరికే పెడితే గడువు తీరిపోతుంది. పరాంకుశంగారు బాగా ఆలోచించి, జలచరాల అభివృద్ధి నిమిత్తం రొయ్యల చెరువులకి పంచిపెట్టమని ఆదేశాలు తెచ్చారు.

నూకరత్నం తమ్ముడు అబ్బులు ఏటి లంకలో ఒక రొయ్యల చెరువుమీద పనిచేస్తాడు. మధ్యాహ్నం వేళ సైకిలు తొక్కుకుంటూ షాపుకొచ్చి, హేండిలుకి తగిలించిన సంచీ తీసి గన్నెయ్య ముందు పెట్టాడు.

“బావా, ఇయ్యేనా అక్కకి రాసిన బిళ్ళలు? సూడు. మా చెరువుకి బస్తాలకి బస్తాలొచ్చాయి. మేతలో కలిపి సల్లెయ్యమన్నారు.”

గన్నెయ్య అట్ట మీది పేరు చూశాడు. అవే. “రొయ్యల్ని ఏవైనా అడిగార్రా?”

“రొయ్యల్నేటి అడుగుతారు బావా? పడవెక్కి సల్లెయ్యడవే.”

ఆ సంచీతోనే పట్నం పరిగెత్తాడు గన్నెయ్య. డాక్టరుగారు ఒక్కో అట్టా తిప్పి గడువు చూశారు. ఇంకా ఉంది. ఎంత వెయ్యాలో, ఎన్నిసార్లు వెయ్యాలో చెప్పి, “ఎక్కడివని నేనడగను,” అన్నారు. “ఆలస్యమైంది గానీ, చూద్దాం.”

మనిషి ఒక్కరోజులో తిరిగిరాలేదు. కొన్నివారాలు గన్నెయ్యకి ఏ తేడా కనపడలేదు. ఆ తరవాత ఒకరోజు కూరలో ఉప్పు సరిపోయింది. అదేదో పొరపాటున జరిగిందేమో అనుకున్నాడాయన. ఇంకో పదిహేను రోజులు పోయాక షాపునుంచి వచ్చి తువ్వాలు అందుకోబోతే, వంటింట్లోంచి నూకరత్నం గయ్యిమంది.

“ఆ గ్రీజు సేతుల్తో ముట్టుకోకండని ఎన్నిసార్లు సెప్పాలి మీకు? మీరింక మారరా?”

గన్నెయ్య చేతులు వెనక్కి తీసుకుని నిలబడి, ఆ తిట్లన్నీ చివరిదాకా విన్నాడు. ఆయన జీవితంలో అంత తీయటి మాటలు వినలేదు.

ఈ వార్త మండలమంతా పాకింది. పాకిన మూడోరోజున పరాంకుశంగారే స్వయంగా గన్నెయ్య ఇంటికొచ్చారు. అరుగుమీద కూర్చుని, నుదురు తుడుచుకుని, ఒక కాగితం తీశారు.

“గన్నెయ్యగారూ, మీవల్ల చిక్కొచ్చిపడింది. మతిమరుపు లేని మండలంలో ఒకరికి మతిమరుపు నయమైందని వదంతి. నయమైందంటే ముందు ఉన్నట్టే కదా! పైనుంచి సంజాయిషీ అడిగారు. పైగా రొయ్యలకి కేటాయించిన బిళ్ళల్ని మనిషి మింగడం చట్టరీత్యా చాలా దూరం పోయే విషయం. నేను అంతదాకా పోనివ్వను. మీరు దీనిమీద సంతకం పెట్టెయ్యండి, ఇద్దరం గట్టెక్కుతాం.”

“ఏటి రాశారండి అందులో?”

పరాంకుశంగారు గొంతు సవరించుకుని చదివారు. “నా భార్యకు ఎన్నడును మతిమరుపు లేదు. ఆమె మిషన్ కార్యాలయమునకు వచ్చినదని, బిళ్ళలు నిరాకరించబడినవని నేను చెప్పినది కేవలము నా భ్రమ.”

గన్నెయ్యకి ఒళ్ళు మండిపోయింది. ఎండల్లో నిలబడ్డ వరసలు, కిటికీ దగ్గర పడ్డ ముద్రలు, చెయ్యెత్తి వెక్కిరించినట్టు నిలబడ్డ ఆ పెద్దమనుషులు అన్నీ కళ్ళముందుకొచ్చాయి. కాగితం లాక్కుని ఆయన మొహమ్మీదే చింపి పారేద్దామని లేచాడు కూడా. పరాంకుశంగారు ఇంకా చదువుతున్నారు.

“నా భార్య నన్ను ఏనాడును మరచిపోలేదు.”

గన్నెయ్య ఆగిపోయాడు. “ఆ ముక్క ఇంకోసారి సదవండి,” అన్నాడు.

“నా భార్య నన్ను ఏనాడును మరచిపోలేదు.”

లోపల్నుంచి నూకరత్నం గొంతు వినిపించింది. “ఎవరండీ వచ్చింది? కాయితమేదో సదువుతున్నట్టున్నారు. మీరు సూడకుండా సంతకం పెట్టేత్తారు, నాకు తెలుసు. కాస్తాగండి, కళ్ళజోడు తెత్తాను.”

అలమర తలుపు తీసిన చప్పుడైంది. గన్నెయ్య పరాంకుశంగారి జేబులోంచి కలం తనే అందుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు చెంగుతో తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి, ఆయన సంతకం పెట్టేసి కింద గీత కూడా గీస్తున్నాడు.